ఎవరూ అల్లని వల

అనగనగా ఒక ఏరు. పాటు వేళ సముద్రంలోకి పోయేది, పోటు వేళ సముద్రాన్ని వెంటబెట్టుకుని వెనక్కి వచ్చేది. అలా వస్తూ పోతూ ఉండే ఆ నీళ్ళ ఒడ్డున వేణిమొగ అని ఒక చిన్న రాజ్యం ఉండేది. మంచు దిగిన పొద్దుల్లో దూరంనుంచి చూస్తే ఆ రాజ్యం ఉన్నట్టూ ఉండేది, లేనట్టూ ఉండేది. కోట బురుజు ఒక్కటే తెల్లటి పొగలో తేలుతూ కనబడేది. ఉంది లెండి. లేకపోతే ఈ కథెక్కడిది?

ఆ రాజ్యానికి ఇందుసేనుడు రాజు. మంచివాడే. కోపం తక్కువ, జాలి ఎక్కువ. కాకపోతే ఒక గుణం ఉంది. ఎవరు ఏ పని గురించి మొరపెట్టుకున్నా, "సరే, పండగ వెళ్ళనివ్వండి" అనేవాడు. ఆ పండగ వెళ్ళేది, ఇంకో పండగ వచ్చేది. మనకు పండగలకేం కొదవ?

ఆయనకు ఒక్కతే కూతురు, సిరిక. ఏడేళ్ళది. తల్లి లేని పిల్ల కాబట్టి రాజు ఏ మాటకూ అడ్డు చెప్పేవాడు కాదు. ఆ పిల్లకు కోటలో బంగారు బొమ్మలు కంటికి ఆనేవి కావు. ఏటి దిగువన మడపాలెం అని జాలర్ల పల్లె ఉంది. అక్కడ ఇంటింటా వలలు అల్లుతారు. పొద్దున్నే దాదిని వెంటబెట్టుకుని పడవెక్కి ఆ పాలేనికి పోయేది. వల అల్లేవాళ్ళ మధ్య చతికిలబడి, వాళ్ళ వేళ్ళు ఎటు తిరిగితే అటు తన కళ్ళు తిప్పుతూ కూర్చునేది. పోటు మొదలుకాగానే ఆ నీటి మీదే తేలికగా కోటకు తిరిగి వచ్చేది.

ఒక ఏడు శ్రావణ మాసంలో ఏరు పొంగింది. పాలేన్ని కాపాడే కరకట్టకు గండి పడింది. అదే సమయానికి సిరిక పడవ కట్ట పక్కనుంచి వస్తోంది. గండి పడవను లాగేసుకుంది. దాది, పడవవాడు, పిల్ల, ముగ్గురూ పోయారు. పాలెంవాళ్ళు ఇసుక దిబ్బ ఎక్కి బతికారు.

రాజు ఏడవలేదు. ఏడుపు రావాలంటే ముందు ఒక మాట తెలియాలి అన్నట్టు, కనబడిన ప్రతివాణ్ణీ అదే అడిగేవాడు.

"పొద్దుటి పోటుకు రావలసిన పిల్ల మధ్యాహ్నం దాకా అక్కడెందుకు ఆగింది? ఎవరు చేశారిది?"

కోటలో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పలేదు.

కొన్నాళ్ళకు రాజు పురోహితుణ్ణి పిలిపించాడు. ఆయన పెద్దవాడు, మెత్తగా మాట్లాడేవాడు.

"స్వామీ, ఈ జగత్తును చేసినవాడు ఉన్నాడా?"

"కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే కదా ప్రభూ."

"అయితే ఆ కుమ్మరిని నేను చూడాలి. ఆయన్ను ఒక మాట అడగాలి."

"ఆయన ఉన్నది అడగటానికి కాదు ప్రభూ, మొక్కటానికి" అన్నాడు పురోహితుడు. పాపం, ఆయన కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. ఆ పిల్లకు అక్షరాభ్యాసం చేయించింది ఆయనే.

రాజు ఊరుకోలేదు. ఎగువనుంచి నిలువెత్తు తెల్లరాయి తెప్పించాడు. గొప్ప శిల్పిని రప్పించాడు.

"లోకాన్ని చేసినవాడి ముఖం చెక్కు. నేను ఎదురుగా నిలబడి మాట్లాడాలి" అన్నాడు.

శిల్పి నెలరోజులు కష్టపడి చిరునవ్వు ముఖం చెక్కాడు. చూసినవాళ్ళంతా చేతులు జోడించారు. రాజు మాత్రం, "నా బిడ్డను తీసుకుని నవ్వుతున్నాడా? చెరిపెయ్" అన్నాడు.

శిల్పి ఆ ముఖం చెరిపి ఉగ్రమైన ముఖం చెక్కాడు. రాజు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఏడేళ్ళ పిల్ల మీద ఇంత కోపమా? అది ఏం చేసింది? చెరిపెయ్" అన్నాడు.

మూడోసారి శిల్పి కన్నీళ్ళు కారుస్తున్న ముఖం చెక్కాడు. ఈసారి రాజు ఆ రాతి కన్నీటిని వేలితో తడిమాడు. "ఇంత జాలి ఉన్నవాడు ఆపలేకపోయాడా? ఆపలేనివాడు చేయగలిగింది ఏముంది? చెరిపెయ్" అన్నాడు.

మూడుసార్లు చెక్కి మూడుసార్లు చెరిపిన చోట రాయి అరచేయిలా నున్నగా మిగిలింది. శిల్పి ఉలి కింద పెట్టి, "ప్రభూ, నాకు వచ్చిన ముఖాలు ఇవే" అన్నాడు.

ముఖం లేని ఆ రాయి కోట ముంగిట అలాగే నిలబడింది. ఒకనాటి పొద్దున ఒక ముసలి భిక్షువు భిక్షాపాత్ర పట్టుకుని వచ్చి, దాని నీడన కూర్చున్నాడు. రాయిని పైనుంచి కిందికి చూసి, బాగుంది అన్నట్టు తల ఊపాడు. రాజు మేడ దిగి వచ్చి, ఆయన ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు.

"భంతే, దీన్ని చూసి అందరూ జాలిపడ్డారు. మీరేమిటి, మెచ్చుకుంటున్నారు?"

"ఉన్నమాట చెబుతోంది కదా, అందుకని."

"అయితే లోకాన్ని చేసినవాడు లేడా?"

"ఒక్కడే కూర్చుని చేసినది ఏదీ నాకు కనబడలేదు మహారాజా. దేన్ని విప్పి చూసినా, ఇదిగో ఇది దీనిదే అని విడిగా తీసి చూపించేది ఏదీ ఉండదు. మీరూ అంతే, నేనూ అంతే, ఏరూ అంతే. అంతా శూన్యం. ఎలాగంటారా..."

ఆ 'ఎలాగంటారా' దాకా రాజు ఆగలేదు. శూన్యం అనే మాట చెవిన పడగానే లేచి మేడెక్కి వెళ్ళిపోయాడు. భిక్షువు ఖాళీ అరుగు వైపు చూసి, "మాట పూర్తికాలేదే" అనుకుని, పాత్ర సర్దుకుని తన దారిన తాను పోయాడు. సగం కాల్చిన ఇటుకా సగం విన్న మాటా ఒకటే. చూపుకు బాగానే ఉంటాయి, బరువు పడితే విరుగుతాయి.

ఆ రోజునుంచి రాజుకు ఒకటే మాట. తోటమాలి వచ్చి మొక్కలు ఎండిపోతున్నాయంటే, "మొక్కా శూన్యం, నీరూ శూన్యం." ఇద్దరు రైతులు గట్టు తగువు పట్టుకొస్తే, "గట్టూ శూన్యం, తగువూ శూన్యం." కోటలో ఉన్నవాళ్ళు రాజును బట్టి నడుచుకునేవాళ్ళే కదా. ద్వారపాలకుడు కాపలా మాని నిద్రపోయాడు. వంటవాడు ఒకపూట ధైర్యం చేసి ఖాళీ పళ్ళెం పెట్టి, "అన్నం కూడా శూన్యమే గదా ప్రభూ" అన్నాడు. రాజు ఆ పళ్ళేన్ని కాసేపు చూశాడు. నోరు శూన్యమన్నా కడుపు ఒప్పుకోలేదు. వంటవాడు మళ్ళీ పొయ్యి రాజేయాల్సి వచ్చింది.

అందరూ నవ్వుకున్నారు గానీ మంత్రి కేతనుడికి నవ్వు రాలేదు. కట్టకు పడ్డ గండిని అప్పట్లో తాటిదుంగలు అడ్డుపెట్టి, మట్టి పోసి ఎలాగో మూశారు. చూస్తుండగానే ఏడాది తిరిగింది. ఆషాఢం వచ్చింది. ఏట్లోకి కొత్తనీరు ఎర్రగా దిగుతోంది.

"ప్రభూ, గండి గట్టిగా పూడ్చకపోతే ఈ వానలకు మడపాలెం మిగలదు. మూడు వందల గడప. సెలవిప్పించండి."

"కట్టా శూన్యం, ఏరూ శూన్యం. ఏది దేన్ని ముంచుతుంది కేతనా?" అన్నాడు రాజు. కిటికీలోంచి ఏటి మీది మంచును చూస్తూ అన్నాడు. ఆ మంచులో ఆయన కంటికి అన్నీ నిజంగానే కరిగిపోతున్నట్టు ఉన్నాయి. అందులో ఒక హాయి కూడా ఉంది. ఏదీ లేకపోతే పోయినదీ లేదు. ఆ హాయిని ఆయన వదులుకోదలచుకోలేదు.

ఇలా ఉండగా మడపాలెంనుంచి మాచమ్మ అనే ముసలమ్మ భుజాన మూట వేసుకుని కోటకు వచ్చింది. ఆషాఢంలో కొత్తనీరు దిగగానే, పాలెంలో అల్లిన తొలి వలను రాజుకు చూపించి, ఆయన చెయ్యి తగిలాకే నీళ్ళలో దించటం వాళ్ళ ఆనవాయితీ. మాచమ్మ కిందటి నెలలోనే డెబ్భై దాటింది. వేళ్ళు వంకర్లు పోయినా వల అల్లటంలో ఆమె తర్వాతే ఎవరైనా. తుమ్మచెక్క కాచిన నీళ్ళలో ఊరి ఎర్రబడిన వలను సభ మధ్య పరిచి, దండం పెట్టింది.

రాజు దాన్ని చూసీ చూడనట్టు చూశాడు. పాత అలవాటు కొద్దీ అడిగాడు.

"ఈ వల ఎవరల్లారు?"

"ఎవరూ అల్లలేదు దొరా" అంది మాచమ్మ.

రాజు ఈసారి సరిగ్గా చూశాడు. "ఎవరూ అల్లకుండా వల ఎలా వచ్చింది?"

"మా పాలెంలో ఒక కట్టుబాటుందండి. ఎవరల్లిన వలకు వాళ్ళు ఆఖరి ముడి ఎయ్యకూడదు. అది ఎదుటోళ్ళు ఎయ్యాల. మా తాతల నాడు అన్నదమ్ములిద్దరు నా వలంటే నా వలని కొట్టుకుని, వలను నిలువునా చింపేసుకున్నారంట. అప్పట్నుంచి పెద్దలు పెట్టిన కట్టుబాటండి ఇది. జనుము పండించినోడు ఒకడు. నార తీసింది ఒకత్తి. దారం పేనింది ఇంకోత్తి. తుమ్మ చెట్టును ఎవడూ నాటలేదు, అదే మొలిచింది. నేనల్లానంటే ఈళ్ళందరూ ఎటు పోతారు?"

"అంటే వల శూన్యం" అన్నాడు రాజు. ఆయన కళ్ళల్లో చిన్న మెరుపు మెరిసింది. "చూశావా కేతనా? ముసలమ్మకు కూడా తెలుసు."

"శూన్యమేనండి" అంది మాచమ్మ తడుముకోకుండా. వల అంచు పట్టుకుని పైకెత్తింది. అవతల ఉన్న దీపపు కుందె, ద్వారం, కేతనుడి ముక్కు, అన్నీ కంతల్లోంచి కనబడ్డాయి. "ఇందులో దారం పిడికెడు. మిగతాదంతా కంతలే. కంతలు లేకుండా ఒత్తుగా నేస్తే ఏమవుద్దండి? గోనెపట్టా అవుద్ది. నీళ్ళన్నీ పట్టి, ఇసిరినోణ్ణే లోపలికి లాగేసుద్ది. కంతలుండబట్టే అది వల. కంతలేనని చెప్పి అవతల పారేశామనుకోండి, పూట గడవదు. శూన్యమని తవరు వదిలేస్తున్నారు దొరా. మేం అదే పట్టుకుని బతుకుతున్నాం."

రాజు ఆ కంతల్లోంచి అటువైపు చూస్తూనే ఉన్నాడు. భిక్షువు 'ఎలాగంటారా' అన్న మాట ఎక్కడో దూరంగా వినబడ్డట్టయింది.

"దీనికి ఆఖరి ముడి ఏదీ?" అని అడిగాడు చివరకు.

"ఎయ్యలేదండి. తవరే ఎయ్యాల. ఇక్కడ కాదు, కట్ట మీద. ఒక్కసారి వచ్చి చూడండి."

రాజు ఏడాది తర్వాత మొదటిసారి కోట దాటాడు.

కట్ట మీద ఎండ పల్చగా ఉంది. ఏటి మీద ఆవిరి లేస్తోంది. కిందటేడు తెగిన చోట తాటిదుంగలు కుళ్ళి, మట్టి సగం జారిపోయి ఉంది. ఆ వెనకనే పాలెం, ఇళ్ళ మీద ఆరేసిన వలలు. రాజు గండి వైపు చూడలేక నీళ్ళ వైపు తిరిగాడు. భటులు ఇద్దరు వెనక నిలబడ్డారు. మాచమ్మ వల మూట ఒళ్ళో పెట్టుకుని కట్ట మీదే కూర్చుంది.

"దొరా, తవరు ఏడాదిగా ఒక మాట అడుగుతున్నారంట. పాప ఎందుకు ఆగిందని."

రాజు గిర్రున తిరిగాడు.

"పోటు రాగానే పాప లేచింది. దాదమ్మ చెయ్యి పట్టుకుంది కూడా. నేనే ఆపాను. 'ఉండమ్మా, ఈ ఆఖరి ముడి నువ్వేసి పో' అన్నాను. ముడి చప్పున పడలేదు. ఊడిందల్లా మళ్ళీ మళ్ళీ ఏసింది. చిన్న ఏళ్ళు కదా. ఏసేసరికి మధ్యాహ్నమయింది." మాచమ్మ అక్కడితో ఆగలేదు. "పాలెంలో అందరికీ తెలుసు. చెబితే నా తల పోద్దని ఎవరూ చెప్పలేదు. కడుపులో దాచుకుని బతకటం నావల్ల కావటంలేదు నాయనా. ఏదయితే అదయింది."

భటుడు కత్తి దూశాడు. రాజు చెయ్యెత్తలేదు, దించలేదు. ఏడాదిగా ఆయన వెతికిన ముఖం ఇదిగో, ఎదురుగా ఉంది. నవ్వుతున్న ముఖం కాదు, కోపంగా ఉన్నదీ కాదు. ముడతలు పడి, ఉప్పుగాలికి నల్లబడి, ముక్కు కొసనుంచి కన్నీరు కారుతున్న ఒక ముసలి ముఖం. ఒక్క మాట అంటే చాలు, అంతా ముగిసిపోతుంది. ఎవరు చేశారు అని ఇక ఎప్పుడూ అడగనక్కర్లేదు.

"నా తల తీస్తే మీ మనసు కుదుటపడిద్దంటే తీయించండి" అంది మాచమ్మ. "కానీ ఆఖరి ముడి పడని వల నీళ్ళలో దిగకూడదు. పాలెం పస్తుంటది. ముందు ముడెయ్యండి. ఆ తర్వాత మీ ఇష్టం."

రాజు కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. మాచమ్మ దారం చేతికి ఇచ్చింది. ఆయనకు ముడి వేయటం రాలేదు. ఆయన వేళ్ళు పట్టుకుని, దారం ఎటు తిప్పాలో చూపించింది.

"పాపకూ ఇలాగే పట్టి చూపించాను."

అంతే, రాజు కళ్ళు మూతలు పడ్డాయి. ఏడాదిగా సరైన నిద్ర లేదు ఆయనకు. ఆ ఎండలో, ఆ నీటి చప్పుడులో, చేతిలో దారం పట్టుకునే నిద్రలోకి జారాడు.

కలలో ఆయన ఇంకా వల పట్టుకునే ఉన్నాడు. కానీ వల పెరిగింది. ఏరంత అయింది, ఆకాశమంత అయింది. ప్రతి కంతలోంచీ తెల్లటి మంచు వస్తోంది. ప్రతి ముడి దగ్గరా ఎవరో ఉన్నారు. రాజు మొదటి ముడి పట్టుకుని, "నా బిడ్డను తీసుకెళ్ళింది నువ్వేనా?" అని అడిగాడు.

"నేను వానను" అంది ఆ ముడి. "కురిశాను. నిజమే. కానీ ఎండ నన్ను సముద్రంనుంచి లేపింది. గాలి తోసింది. కొండ ఆపింది. అవి లేకపోతే నేనెక్కడ?"

రాజు దారం వెంట నడిచి రెండో ముడిని అడిగాడు. అక్కడ ఒక ఎండ్రకాయ కొండీలు ముడుచుకుని ఉంది.

"కట్టను తొలిచాను. నిజమే. ఇల్లు తవ్వుకున్నాను రాజా, పిల్లలున్నదాన్ని. మట్టి మెత్తబడింది కాబట్టి తవ్వగలిగాను. లేకపోతే నా కొండీలకంత బలమేది?"

మూడో ముడి దగ్గర ఏరు పడుకుని ఉంది.

"పోయాను. నిజమే. పల్లం ఎటుంటే అటు పోవటం తప్ప నాకేమీ రాదు. బొరియ లేకపోతే నాకు దారేది? వాన లేకపోతే నాకు ఉరవడేది?"

"అయితే ఈ వల కొస పట్టుకున్నది ఎవరు?" అని రాజు అరిచాడు. ఆయన దారం పట్టుకుని ఒక ముడినుంచి ఇంకో ముడికి, అక్కణ్ణుంచి ఇంకో ముడికి నడుస్తూ పోయాడు. వాననుంచి మేఘానికి, మేఘంనుంచి సముద్రానికి, సముద్రంనుంచి ఏటికి. నడిచి నడిచి ఒక ముడి దగ్గర ఆగాడు. అక్కడ దీపాలు వెలుగుతున్నాయి. పూలదండలు వేలాడుతున్నాయి. చేతులు జోడించుకుని జాలర్లు నిలబడ్డారు. "కట్టను ఎండ్రకాయలు తొలిచేశాయి దొరా, గండి పడేలా ఉంది" అంటున్నారు. సింహాసనం మీదనుంచి ఎవరో మంచిగానే, నవ్వుతూనే అంటున్నారు.

"సరే, పండగ వెళ్ళనివ్వండి."

ఆ గొంతు ఎవరిదో రాజుకు తెలిసింది.

అక్కడితో దారం తెగుతుందనుకున్నాడు. తెగలేదు. ఆ పక్క ముడి దగ్గర సిరిక కూర్చుని ఉంది. నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని, వంచిన తల ఎత్తకుండా ముడి వేస్తోంది.

"రా తల్లీ, పొద్దుపోయింది."

"ఉండు నాన్నా, ఇదొక్కటీ పడనీ" అంది.

ముడి పడింది. ఆ పిల్ల తలెత్తి నవ్వింది. మంచు కమ్ముకుంది.

రాజు కళ్ళు తెరిచాడు. భటుడు కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మాచమ్మ కొంగుతో రాజు ముఖానికి ఎండ తగలకుండా అడ్డుపెట్టి కూర్చుంది. రాజు భటుడి వైపు తిరిగి, కత్తి ఒరలో పెట్టమని సైగ చేశాడు.

"అవ్వా, అందులో నా ముడి కూడా ఉంది" అన్నాడు.

"ఉంది నాయనా. అడిగినోళ్ళలో నేనూ ఉన్నానుగా ఆ రోజు."

"మరి ఏడాదిగా నన్నెవరూ ఒక్క మాట అనలేదే?"

"అని ఏం చేస్తాం? వాన ముడి ఉంది, ఏటి ముడి ఉంది, నా ముడి ఉంది. అంతా నీదేనంటే అబద్ధం. నీది లేదంటే అదీ అబద్ధం." మాచమ్మ మూట విప్పి, అడుగునుంచి పాత వల ఒకటి తీసింది. అక్కడక్కడ మాట్లు వేసి ఉంది. దాని మూలను వెతికి రాజు చేతిలో పెట్టింది. "ఇదిగో, ఇది పాప ఏసిన ముడి. వరద దిగినాక వల మడచెట్లకు చిక్కుకుని దొరికింది. ఏడాదంతా దీంతోనే చేపలు పట్టాం. మూడు చోట్ల చిరిగింది, బాగుచేశాం. ఈ ముడి మాత్రం ఊడలా."

వంకరటింకరగా, ఉండాల్సినదానికంటే లావుగా ఉంది ఆ ముడి. ఏడేళ్ళ పిల్ల వేసిన ముడి ఎలా ఉంటుంది మరి. రాజు దాన్ని బొటనవేలితో తడిమాడు. ఈ ఏడాది మూడు వందల గడపల పిల్లలు తిన్న ప్రతి ముద్దలో ఈ ముడి ఉంది. విడిగా ఉండకపోవటం వేరు, లేకుండా పోవటం వేరు. ఇన్నాళ్ళూ ఆయన ఆ రెంటినీ ఒకటే అనుకున్నాడు.

అప్పుడు ఏడ్చాడు ఇందుసేనుడు. ముసలమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, రాజునన్న మాట మరిచి, పోటు వచ్చేదాకా ఏడ్చాడు. ఏడుపు అయిపోయాక కొత్త వల తీసుకుని ఆఖరి ముడి వేశాడు. అది కూడా వంకరగానే పడింది. మాచమ్మ సరిచేయలేదు.

మర్నాడు తొలకరి పండగ. కేతనుడు భయపడుతూనే, "ప్రభూ, గండి పని పండగ వెళ్ళాక..." అని నసిగాడు. రాజు అప్పటికే పంచె ఎగగట్టి తట్ట నెత్తికెత్తుకున్నాడు. అది చూసి కోటలో ఉన్నవాళ్ళంతా తట్టలెత్తారు. వంటవాడు కూడా వచ్చాడు. ఖాళీ పళ్ళెం గుర్తుకొచ్చి కాస్త ఎక్కువే మోశాడు.

ఎంత మట్టి పోసినా గండి అడుగున నిలవటంలేదు. అడుగున బలమైన రాయి ఏదైనా పడాలి అన్నారు పనివాళ్ళు. శిల్పి నెమ్మదిగా, "కోట ముంగిట ఒకటుంది ప్రభూ" అన్నాడు. అందరూ పురోహితుడి వైపు చూశారు. ఆయన, "దేవుడి ముఖం కోసం తెచ్చిన రాయి. ఇన్ని ప్రాణాలను ఆపితే అంతకన్నా మంచి పూజ నాకు తెలియదు" అన్నాడు. ముఖం లేని ఆ రాయిని దొర్లించుకొచ్చి గండి అడుగున దించారు. మట్టి నిలిచింది.

శ్రావణంలో ఏరు మళ్ళీ పొంగింది. మూడు రోజులు కట్ట అంచును తాకుతూ పారింది. పాలెంవాళ్ళూ రాజూ కట్ట మీదే ఉన్నారు. ఎక్కడ తడి కనబడితే అక్కడ మట్టి వేశారు. నాలుగో రోజు నీళ్ళు తీశాయి. ఒక్క గడప తడవలేదు.

ఆ పొద్దున మంచులోంచి ముసలి భిక్షువు కట్ట వెంట నడుచుకుంటూ వచ్చాడు. తట్ట నెత్తిన పెట్టుకున్న రాజును చూసి ఆగాడు.

"భంతే, ఆ రోజు మీ మాట సగంలో లేచిపోయాను" అన్నాడు రాజు సిగ్గుపడుతూ. "మిగతా సగం ఇప్పుడు చెబుతారా?"

భిక్షువు తట్ట వైపు చూశాడు. రాజు చేతుల మట్టిని చూశాడు.

"మోస్తున్నారుగా మహారాజా" అని ముందుకు సాగిపోయాడు.

ఆ తర్వాత ఇందుసేనుడు బతికినన్నాళ్ళూ ప్రతి ఆషాఢంలోనూ పాలేనికి వెళ్ళి, తొలి వలకు ఆఖరి ముడి వేసేవాడు. పక్కనే కూర్చున్న పిల్లలు, "తాతా, ఈ వల ఎవరల్లారు?" అని అడిగేవాళ్ళు. "ఎవరూ అల్లలేదు. రండి, తలా ఒక చెయ్యి వెయ్యండి" అనేవాడు ఆయన.

లోకమనే వలను ఏ ఒక్కరూ అల్లలేదు. అందుకే నేరమంతా ఒకరి నెత్తిన రుద్దకూడదు, మన వంతు ముడిని రేపటికి వదలకూడదు.